మేడ కూలినప్పుడు చెయ్యి పెట్టకండి

(గుంటూరు అరండల్‌పేటలో ఒక ఆదివారం ఉదయం తల్లిదండ్రులు, అంగన్‌వాడీ టీచర్ల ముందు ఒక విశ్రాంత ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయిని మాట్లాడిన మాటలివి. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని రాశాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, ఇక్కడ చాప మీద చోటుంది. పిల్లల్ని ఒళ్లో అదిమిపెట్టుకుని కూర్చోకండమ్మా, వదిలేయండి. ఆ మూల రెండు బస్తాల చెక్కముక్కలు పోసి ఉంచాను. ఎటూ వాళ్ల కళ్లు అక్కడే ఉన్నాయి. నేను మాట్లాడుతుంటే మధ్యమధ్యలో దభేల్‌మని చప్పుడు వస్తుంది. వచ్చినప్పుడు ఎవరూ వెనక్కి తిరిగి కళ్లెర్రజేయొద్దు. ఇవాళ నేను చెప్పాలనుకున్నది ఆ చప్పుడు గురించే.

ముందు ఒకటి అడుగుతాను. ఏడు పెంకులాట ఆడినవాళ్లు ఎంతమంది ఉన్నారిక్కడ? చేతులెత్తండి. చూశారా, సగానికి పైనే ఉన్నారు. బంతి దెబ్బకి పెంకులు చెల్లాచెదురైపోయాక, అవతలివాడు మనల్ని బంతితో కొట్టేలోపు గబగబా పేర్చాలి కదా. ఏ పెంకు ముందు పెట్టేవాళ్లు? పెద్దది. చదునుగా ఉన్నది. మరి ఆ సంగతి మీకెవరు చెప్పారు? ఏ టీచరు చెప్పింది? ఎవరూ చెప్పలేదు. ఒకరోజు కంగారులో చిన్న పెంకు కింద పెట్టారు, అది కాస్తా పడిపోయింది, మీరు ఔటయ్యారు. అంతే. రెండోసారి ఆ తప్పు చెయ్యలేదు. గురుత్వ కేంద్రం గురించి హైస్కూల్లో పుస్తకంలో చదువుకున్నాం. మా రోజుల్లో దాన్ని గరిమనాభి అనేవాళ్లు. పుస్తకంలోకి రాకముందే అది మన చేతుల్లోకి వచ్చేసింది. ఎలా వచ్చింది? పడిపోయింది కాబట్టి వచ్చింది.

పేర్చడం, కూలడం, మళ్లీ పేర్చడం. ఆటలో ఉన్నవి ఈ మూడే. ఇందులో నడిమిదాన్ని మనం పిల్లలకు దక్కనివ్వడం లేదు. చెక్కల మేడ వాలుతుంటే మనం చెయ్యి అడ్డం పెడతాం. "అలా కాదు నాన్నా, ఇలా" అని మనమే సర్దుతాం. ప్రేమతోనే చేస్తాం, నాకు తెలుసు. నేనూ చేశాను. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

మా నాన్న తాపీమేస్త్రీ. సెలవురోజుల్లో నన్ను పని దగ్గరికి తీసుకుపోయేవాడు. నాకు ఆరేళ్లో ఏడేళ్లో ఉంటాయి. విరిగిన ఇటుక ముక్కలు ఏరుకొచ్చి నేనూ గోడ కట్టేదాన్ని. ఇటుక మీద ఇటుక, దాని పక్కన ఇంకో ఇటుక మీద ఇటుక, అలా నాలుగు దొంతరలు పక్కపక్కనే నిలబెట్టి, గోడ అయిపోయిందని నాన్నని పిలిచాను. ఆయన వచ్చి చూశాడు. బాగుందనలేదు, బాగాలేదనీ అనలేదు. ఒక్క వేలితో మెల్లిగా నెట్టాడు. ఒక దొంతర పడిపోయింది, మిగతావి అలాగే ఉన్నాయి. నాకు ఏడుపొచ్చింది. ఆయన అక్కడే గొంతుక్కూర్చుని, కింద రెండు ఇటుకలు పెట్టి, ఆ రెండూ కలిసే అతుకు మీద మూడో ఇటుక పెట్టాడు. ఇంకో రెండు వరసలు అలాగే వేసి, "ఇప్పుడు నువ్వు నెట్టు" అన్నాడు. నెట్టాను. కదిలింది గానీ పడలేదు. అతుకు మీద అతుకు రాకూడదన్న మేస్త్రీల మాట నాకు ఆ రోజు అర్థమైంది. ఆ మాట ఆయన నోటితో చెప్పింది మాత్రం చాలా ఏళ్ల తర్వాత.

మన మిర్చి యార్డుకి వెళ్లి చూడండి. ముఠా కూలీలు టిక్కీలు, అంటే మిరపకాయల బస్తాలు, నెట్టు కట్టేటప్పుడు ఒక వరస నిలువుగా వేస్తే పై వరస అడ్డంగా వేస్తారు. ఎందుకని అడిగితే "లేకపోతే జారిపోద్దమ్మా" అంటారు. అంతకన్నా మంచి జవాబు ఇంజినీరింగ్ పుస్తకంలో కూడా దొరకదు. పై బరువు కిందున్న రెండు మూడింటికి పంచుకుపోతుంది, ఒక్కోటి పక్కదాన్ని పట్టి ఉంచుతుంది. ఆ చాప మీద నాలుగేళ్ల పిల్ల ఆడుతున్నది కూడా ఇదే.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెబుతాను. ఒకటో తరగతికి పాఠం చెప్పే రోజులు. తరగతిలో ఒక పాప ఉండేది, పెద్దగా మాట్లాడేది కాదు. రోజూ ఓ మూల కూర్చుని చెక్కలు పేర్చేది. సన్నటి చెక్క నిలబెట్టి దాని మీద వెడల్పాటి చెక్క, మళ్లీ సన్నది, మళ్లీ వెడల్పుది. నాలుగో అంతస్తుకి పడిపోయేది. మళ్లీ మొదలెట్టేది. నాలుగు రోజులు చూశాను. ఐదో రోజు ఉండబట్టలేక వెళ్లి, వెడల్పువన్నీ కిందపెట్టి, సన్నవన్నీ పైన పెట్టి, "చూశావా, ఎంత గట్టిగా ఉందో" అన్నాను. ఆ పాప చూసింది. తలూపింది. మర్నాటి నుంచి ఆ చెక్కల దగ్గరికి రాలేదు.

ఎందుకు రాలేదో నాకు అర్థం కావడానికి చాలా కాలం పట్టింది. తన ప్రశ్న నేను అనుకున్నది కాదు. గట్టి మేడ కట్టాలని ఆ పాప అనుకోలేదు. సన్నటి దాని మీద వెడల్పుది ఎంతదాకా నిలుస్తుందో చూసుకుంటోంది. నాలుగు రోజులుగా ఒకే ప్రయోగం చేస్తోంది, ప్రతిసారీ కాస్త మార్చి చేస్తోంది. నేను వెళ్లి దాని మీద నా జవాబు పెట్టేశాను. ఇప్పటికీ ఆ పాప మొహం నా కళ్ల ముందే ఉంటుంది.

ప్రయోగం అన్నాను. పెద్ద మాట అనుకోకండి. ప్రయోగమంటే ఏమిటి? ఇలా చేస్తే ఇలా అవుతుందని ముందు అనుకోవాలి. చెయ్యాలి. అనుకున్నట్టు అయిందా లేదా చూడాలి. కాకపోతే ఒక్కటే మార్చి మళ్లీ చెయ్యాలి. మేడ కడుతున్న పిల్లవాడు ఈ నాలుగూ చేస్తాడు. పైగా అక్కడ జవాబు చెప్పేది టీచరు కాదు, భూమి. టీచరు మొహం చూసి జవాబు మార్చుకోవచ్చు. భూమి ఎవరి మొహమూ చూడదు. చెక్క నిలబడిందంటే నిలబడింది, పడిందంటే పడింది. అప్పుడు పిల్లవాడు ఎవరినీ అడగక్కర్లేదు, తన తప్పు తనకే కనపడుతుంది. లెక్కల నోట్సులో ఎర్ర ఇంకుతో ఇంటూ పెడితే ఈ పని జరగదు.

సరే, ఒకటి చేసి చూపిస్తాను. బల్ల దగ్గరున్నవాళ్లు కాస్త పక్కకి జరగండి. ఇవి నాలుగు చెక్కలు, ఒక్కోటి 24 సెంటీమీటర్లు. బల్ల అంచుకి సమానంగా ఒకదాని మీద ఒకటి పెట్టాను. అన్నిటికన్నా పైదాన్ని అంచు అవతలికి ఎంత జరపొచ్చు? చెప్పండి. సగం. 12 సెంటీమీటర్లు. ఆ పైన ఒక్క వెంట్రుకవాసి జరిగినా పడుతుంది. ఇప్పుడు పైనున్న ఆ రెండింటినీ కలిపి, మూడోదాని మీద ముందుకు జరుపుతున్నాను. ఇవి కూడా సగం దాకా వెళ్తాయా? వెళ్లవు. 6 దాకానే. తర్వాత మూడూ కలిపి, 4. చివరికి నాలుగూ కలిపి బల్ల అంచు మీద నుంచి, 3. కూడండి. 12, 6, 4, 3. 25 వచ్చింది కదా. చెక్క పొడవెంత? 24. అంటే ఈ పైచెక్క కింద బల్ల లేదు. మొత్తం చెక్క బల్ల అవతల గాలిలో ఉంది! సరిగ్గా ఆ కొలతలకే జరిపితే ఊపిరి తగిలినా పడిపోతుంది కాబట్టి ఒక్కోచోట రెండు మిల్లీమీటర్లు వెనక్కి ఉంచాను. అయినా బయటే ఉంది, చూడండి.

ఇందులో ఇంకో అందం ఉంది. 12 అంటే 24లో రెండో వంతు. 6 అంటే నాలుగో వంతు. 4 ఆరో వంతు, 3 ఎనిమిదో వంతు. రెండు, నాలుగు, ఆరు, ఎనిమిది. రెండో ఎక్కం! రెండో తరగతి పిల్లలకి తెలిసిన ఎక్కం ఈ చెక్కల్లో దాక్కుని ఉంది. ఇంకా చెక్కలుంటే ఇంకా ముందుకు పోవచ్చు, ఎంత దూరమైనా పోవచ్చు. కానీ నత్తనడకే. చెక్క పొడవుకి రెండింతలు దాటాలంటే 31 చెక్కలు కావాలి. చిన్నపిల్లలకి ఈ భిన్నాలు చెప్పమని నేను అనడం లేదు. వాళ్లకి తెలియాల్సింది ఒకటే, పైనుంచి మొదలెడితే ఎక్కువ దూరం పోతుందని. అది చేతితోనే తెలుస్తుంది. తొమ్మిదేళ్ల పిల్లవాడు ఒకడు నా దగ్గర దీన్ని తనంతట తానే కనిపెట్టాడు. రెండు వారాలు పట్టింది వాడికి. నేను నోరు కట్టేసుకుని కూర్చున్నాను. ఆ రెండు వారాలు నాకు చాలా కష్టమైంది.

చెక్కల్లో భిన్నాలు ఎక్కడున్నాయి?

మన పిల్లలకి నాలుగో తరగతిలో భిన్నాలంటే టెన్షన్ మొదలవుతుంది. రెండు పావులు ఒక అర అని ముప్పైసార్లు రాయిస్తాం. పరీక్షలో రెండు బై నాలుగు ఒకటి బై రెండుకి సమానమా అంటే తెల్లమొహం వేస్తారు. అదే పిల్లవాడు చెక్కలతో గది కడుతున్నాడనుకోండి. మూడు గోడలకి పెద్ద చెక్కలు పెట్టాడు. నాలుగో గోడకి పెద్ద చెక్కలు అయిపోయాయి. ఏం చేస్తాడు? పక్కవాడి దగ్గర లాక్కుంటాడు, అది మొదటి పని. వాడు ఇవ్వకపోతే? సగం చెక్కలు రెండు తెచ్చి పెడతాడు. ఒక సగం దొరికి ఇంకోటి దొరక్కపోతే పావులు రెండు పెడతాడు. అర, పావు అన్న మాటలు కూడా వాడికి రావు. పని మాత్రం చేసేశాడు. రేపు టీచరు ఆ మాటలు చెప్పినప్పుడు అవి వచ్చి కూర్చోవడానికి వాడి దగ్గర చోటుంటుంది.

ఇందుకోసమే చెక్కలకి కొలత ముఖ్యం. కెరొలిన్ ప్రాట్ అని అమెరికాలో ఒక టీచరుండేది. ఆవిడకి వడ్రంగం వచ్చు. 1914లో న్యూయార్కులో చిన్నపిల్లల బడి పెట్టింది. ఆవిడ తయారుచేసిన చెక్కల్లో ప్రధానమైన చెక్క పొడవు ఐదున్నర అంగుళాలు, వెడల్పు అందులో సగం, మందం వెడల్పులో సగం. మన లెక్కలో సుమారుగా 14, 7, మూడున్నర సెంటీమీటర్లు. మిగతా చెక్కలన్నీ దీనికి సగమో, రెట్టింపో, నాలుగు రెట్లో. ఏ చెక్క ఏ చెక్కతో కలిసినా లెక్క కుదురుతుంది. దీని మీద ఆవిడ పేటెంటు కూడా తీసుకోలేదు. ఎవరైనా చేసుకోవచ్చు. నూరేళ్లు దాటినా ప్రపంచమంతా ఇంకా అదే కొలతతో చేస్తున్నారు. మా నాన్న ఇటుక కూడా తొమ్మిది అంగుళాల పొడవు, నాలుగున్నర వెడల్పు. పొడవుకి సగం. ఎక్కడి న్యూయార్కు, ఎక్కడి గుంటూరు ఇటుక బట్టీ!

ఆవిడ కంటే ముందు జర్మనీలో ఫ్రోబెల్ ఉన్నాడు. కిండర్‌గార్టెన్ అన్న మాట ఆయనదే. 1837లో బ్లాంకెన్‌బర్గ్ అనే ఊళ్లో మొదలుపెట్టాడు. అంతకుముందు ఆయన ఏం చేశాడో తెలుసా? బెర్లిన్‌లో ఖనిజాల మ్యూజియంలో పనిచేశాడు. స్ఫటికాలు ఎలా పెరుగుతాయో, వాటి ముఖాలు ఎలా కలుస్తాయో చూస్తూ గడిపాడు. ఆయన పిల్లల కోసం చేసిన పెట్టెల్లో మూడోదాంట్లో ఒక సమఘనం ఉంటుంది. విప్పితే ఎనిమిది చిన్న సమఘనాలు.

ఎనిమిదే ఎందుకు? మిమ్మల్నే అడుగుతాను. ఈ చిన్న క్యూబు చూడండి. దీనికి పొడవూ వెడల్పూ ఎత్తూ మూడూ రెట్టింపు ఉన్న క్యూబు కట్టాలంటే ఇలాంటివి ఎన్ని కావాలి? రెండంటున్నారు. అక్కడ నాలుగంటున్నారు. ఆరు కూడా వినపడింది. కట్టి చూద్దాం. కింద నాలుగు, పైన నాలుగు. ఎనిమిది. మూడు రెట్లయితే? ఇప్పుడు ఎవరూ తొందరపడడం లేదు, చూశారా! 27. డిగ్రీలు చదివిన మనం కూడా అక్కడ ఆగాం. మనం ఫార్ములా చదివాం, చేత్తో కట్టలేదు. ఇటలీలో చిన్నపిల్లల బడులు పెట్టిన మాంటిసోరి అమ్మ 1939లో మన దేశానికి వచ్చి, యుద్ధం మూలాన మద్రాసు అడయారులోనూ మిగతా చోట్లా 1946 దాకా ఉండిపోయింది. ఆవిడ చేయించిన గులాబీ రంగు మేడలో పది ఘనాలుంటాయి. అన్నిటికన్నా చిన్నది ఒక సెంటీమీటరు, పెద్దది పది. చిన్నదాన్ని రెండు వేళ్లతో తీస్తారు, పెద్దదాన్ని రెండు చేతులతో మోస్తారు. పొడవు చూస్తే పది రెట్లే. బరువు మాత్రం వెయ్యి రెట్లు. ఆ వెయ్యి మూడేళ్ల బిడ్డ మోచేతికి తెలుస్తుంది.

అదిగో, పడింది. ఎవరూ లేవకండి. పాప ఏడవడం లేదు, చూస్తోంది. ఆ చూపు చూశారా? అలా చూస్తున్నంతసేపూ మన నోరు కదలకూడదు.

మరి పెద్దవాళ్లు ఏమీ మాట్లాడకూడదా అంటారు. మాట్లాడాలి. ఎప్పుడు, ఏ మాట అన్నదే ముఖ్యం. మన తెలుగులో ఒక చిక్కుంది. "ఎందుకు పడింది?" అని మనం మామూలుగానే అడుగుతాం, పిల్లవాడికి మాత్రం "ఎందుకు పడేశావు?" అన్నట్టు వినపడుతుంది. ఇంట్లో, బడిలో వాడు 'ఎందుకు' అన్న మాట విన్నదంతా తిట్లలోనే. ఎందుకు ఆలస్యమైంది, ఎందుకు రాయలేదు, ఎందుకు ఒలకబోశావు. అందుకని నేను ఆ మాట మానేశాను. "ఇది తీసేస్తే ఏమవుతుందంటావు?" అని అడుగుతాను. "ఇందాకటికీ ఇప్పటికీ ఏం మార్చావు?" అని అడుగుతాను. ఒక్కోసారి "నాకూ తెలీదు, చూద్దామా" అంటాను. ఇది మూడింట్లోకీ మంచిది.

ఇంకొకటి, చోటు చెప్పే మాటలు. మన భాషలో ఇవి ఎన్ని ఉన్నాయో ఆలోచించండి. పైన, మీద. ఈ రెండూ ఒకటేనా? ఫ్యాను మన పైన తిరుగుతుంది, మన మీద తిరగదు. పుస్తకం బల్ల మీద ఉంటుంది. తగిలి ఉందా లేదా అన్నది చాలాసార్లు ఒక్క మాటలో తెలిసిపోతుంది. అడ్డంగా, నిలువుగా, ఏటవాలుగా, ఎదురెదురుగా, అంచున, మూల, ఇవతల, అవతల, నడుమ. "చెక్క పెట్టు" అనే బదులు "చెక్కని పడుకోబెట్టు", "చెక్కని అంచు మీద నిలబెట్టు" అని చెప్పి చూడండి. చెక్కలతో ఆడేటప్పుడు తల్లిదండ్రుల నోట ఇలాంటి మాటలు మామూలు ఆటల్లో కంటే ఎక్కువగా వస్తాయని అమెరికాలో పరిశోధన చేసి చూశారు. రేపు జామెట్రీలో కావాల్సిన మాటలు ఇవే. మనం ఏం చేస్తున్నాం? "అక్కడ పెట్టు", "ఇక్కడ పెట్టు" అని చేత్తో చూపించి ఊరుకుంటున్నాం. మన మాటలు మన పిల్లలకి మనమే ఇవ్వకపోతే ఎవరిస్తారు?

పరిశోధన అన్నాను కాబట్టి ఇంకోటి కూడా చెబుతాను, కొంచెం జాగ్రత్తగా. అమెరికాలో 1982లో పరిశోధకులు, కొందరు చిన్నపిల్లలు చెక్కలతో ఎంత నేర్పుగా కడతారో చూసి రాసిపెట్టుకున్నారు. ఆ పిల్లలు పెద్దయ్యాక లెక్కల్లో ఎలా ఉన్నారో వెతికి చూశారు. మూడో తరగతిలో, ఐదో తరగతిలో తేడా పెద్దగా కనపడలేదు. ఏడో తరగతిలో, హైస్కూల్లో కనపడింది. బాగా కట్టిన పిల్లలు లెక్కల్లో ముందున్నారు. కానీ అది చిన్న పరిశోధన, 40 మంది పిల్లలు కూడా లేరు. చెక్కలు ఆడడం వల్లే లెక్కలు వచ్చాయని దాంతో తేల్చి చెప్పలేం. చెక్కలు కొంటే ఐఐటీ సీటు అని ఎవరైనా ప్రకటన వేస్తే నమ్మకండి. అందులో నాకు నచ్చింది ఒకటే. ఫలితం వెంటనే కనపడలేదు. ఈ నెల ఆడిస్తే వచ్చే నెల యూనిట్ టెస్టులో మార్కులు రావు. అంత ఓపిక మనకుందా?

ఇక బ్యారేజీ కథ. ఇది చెప్పకుండా నేను దిగను. ఒకసారి రెండో తరగతి పిల్లలు విజయవాడ వెళ్లొచ్చారు. ప్రకాశం బ్యారేజీ చూశారు. 1957లో పూర్తయిన కట్టడం అది, కిలోమీటరుకి పైగా పొడవు, 70 గేట్లు. మర్నాడు ఇద్దరు ఆడపిల్లలు తరగతిలో బ్యారేజీ కట్టడం మొదలెట్టారు. ఒకమ్మాయి ఇటు గోడ నుంచి, ఇంకో అమ్మాయి అటు గోడ నుంచి స్తంభాలు నిలబెట్టుకుంటూ వస్తున్నారు. స్తంభానికీ స్తంభానికీ మధ్య జానెడు ఎడం అని ఇద్దరూ ఒప్పందం చేసుకున్నారు. పైన పలకలు పరిచేసరికి ఏమైందో చెప్పండి. ఒకమ్మాయి వైపు పలకలు చక్కగా కూర్చున్నాయి. రెండో అమ్మాయి వైపు పలక ఈ చివర ఆనితే ఆ చివర జారి కిందపడుతోంది. ఇద్దరికీ గొడవ. "నువ్వు జానెడు పెట్టలేదు" అని ఒకమ్మాయి, "పెట్టాను" అని రెండో అమ్మాయి. నా దగ్గరికి వచ్చారు. నేను ఏమీ చెప్పలేదు. "ఇద్దరూ జాన పక్కపక్కన పెట్టి చూడండి" అన్నాను. పెట్టారు. రెండో అమ్మాయి చెయ్యి పెద్దది!

తర్వాత వాళ్లే ఒక దారం తెంచి, ఇద్దరూ ఆ దారంతోనే కొలిచారు. ఊరికొక కొలత ఉంటే బేరాల్లో గొడవలయ్యేవి కాబట్టే మీటరనీ కిలో అనీ ప్రపంచం ఒక మాట మీదకి వచ్చింది. ఇద్దరు ఏడేళ్ల పిల్లలు ఒక్క పూటలో అదే దారిలో నడిచారు. కొలతల పాఠం నేను ఆ వారం చెప్పాల్సింది. చెప్పలేదు. ఆ దారాన్ని పిన్నుతో బోర్డుకి గుచ్చి, తరగతి అందరి చేతా ఆ కథ చెప్పించాను.

వంతెన కట్టడం పిల్లల ఆటలో పెద్ద మలుపు, టీచర్లు గమనించండి. రెండేళ్లప్పుడు చెక్కలు మోసుకు తిరుగుతారు. తర్వాత దొంతర పెడతారు, వరసగా పేరుస్తారు. మూడేళ్ల దగ్గర్లో రెండు చెక్కలు ఎడంగా నిలబెట్టి పైన మూడోది పెడతారు. ఆ తర్వాత నాలుగు వైపులా మూసి గది కడతారు. అటూ ఇటూ ఒకేలా, మన ముగ్గులా, సమంగా పేర్చడం వస్తుంది. చివర్లో "ఇది మా ఇల్లు, ఇది బస్టాండు" అని పేర్లు పెట్టి కడతారు. ఏ బిడ్డ ఎప్పుడు ఏ మెట్టు మీదుంటే అప్పుడు ఆ మెట్టు మీదే ఉండనివ్వండి. పక్కింటి పాప వంతెన కడుతోందని మన పాపని తొందరపెట్టకండి.

నాకు బాధ కలిగించిన సంగతి ఒకటి చెప్పి మిగతాది ముగిస్తాను. ఒక బడిలో చూశాను, పేరు చెప్పను. చక్కటి చెక్కలు, రంగుల పెట్టెలు అద్దాల బీరువాలో తాళం వేసి ఉన్నాయి. పిల్లలు అద్దానికి ముక్కు ఆనించి చూస్తున్నారు. అదేమిటని అడిగితే, "ముక్కలు పోతే మేము లెక్క చెప్పాలండీ, ఇన్‌స్పెక్షన్‌కి చూపించాలి" అన్నారు. ఆ టీచరుని నేను తప్పుపట్టను. పోయిన చెక్కకి సంజాయిషీ అడుగుతాం, ఆడని పిల్లకి ఎవరమూ అడగం. 2020 జాతీయ విద్యా విధానం మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల దాకా ఆటతోనే చదువు అని రాసింది. 2023 ఫిబ్రవరిలో జాదూయీ పిటారా అని ఆటవస్తువుల పెట్టె కూడా విడుదల చేశారు. కాగితం మీద అంతా సరిగ్గానే ఉంది. ఆ బీరువా తాళం మాత్రం మనమే తియ్యాలి. అంగన్‌వాడీ అమ్మలు ఇక్కడున్నారు కాబట్టి చేతులెత్తి అడుగుతున్నాను. పోతే పోనివ్వండి. అరిగిపోనివ్వండి.

ఇంట్లో ఏం చేసుకోవచ్చు?

డబ్బు పెద్దగా అక్కర్లేదు. టింబర్ డిపోలో, వడ్రంగి షాపులో కోతలో మిగిలిన ముక్కలు అడగండి. ఇందాక చెప్పిన కొలత, 14, 7, మూడున్నర, రాసుకెళ్లి ఇవ్వండి. పూర్తి చెక్కలు ఒక ముప్పై, సగాలు ఇరవై, రెట్టింపువి పది ఉంటే ఇద్దరు పిల్లలకి చాలు. అంచులు గరుకు కాగితంతో నున్నగా రుద్దించండి, పుల్లలు గుచ్చుకోకుండా. రంగులు వద్దు. నోట్లో పెట్టుకునే పిల్లలుంటే అసలే వద్దు. మూడేళ్లలోపు వాళ్లకి నోట్లో పట్టేంత చిన్న ముక్కలు ఇవ్వకండి. చెక్కలు దొరకలేదా? అగ్గిపెట్టెలు ఉన్నాయి, ఖాళీ డబ్బాలు ఉన్నాయి. సంక్రాంతికి బొమ్మల కొలువు మెట్లు పిల్లల చేత కట్టించండి, మీరు కట్టకండి. గోలీ ఒకటి, ఏటవాలుగా పెట్టడానికి పలక ఒకటి ఉంటే సాయంత్రం అంతా గడిచిపోతుంది. గోలీ ఎంత దూరం పోయిందో సుద్దముక్కతో గీత గీసుకోమనండి. పలక ఎత్తు పెంచితే గీత ఎటు జరుగుతుందో వాళ్లే చెబుతారు.

ఆ అమ్మ అడుగుతున్నారు, లెగో లాంటి ప్లాస్టిక్‌వి మంచివేనా అని. మంచివేనమ్మా. వాటిలో వేరే లెక్క ఉంది. ఇప్పుడు మనం చూసే లెగో ఇటుకకి 1958లో పేటెంటు కోసం దరఖాస్తు చేశారు. ఎనిమిది బొడిపెలున్న ఒకే రంగు ఇటుకలు రెండింటిని 24 రకాలుగా కలపొచ్చు. ఆరింటినైతే 91 కోట్ల 51 లక్షల 3 వేల 765 రకాలుగా! లెక్కల్లో ఇదొక పెద్ద లోకం. కానీ అవి ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి, వాలవు. తూకం నేర్చుకోవాలంటే పట్టుకోని చెక్కలే కావాలి. రెండూ ఉంటే సంతోషం. ఒకటే కొనగలిగితే చెక్కలు.

వెనక నాన్నగారు అడిగింది కూడా వినపడింది. ఫోన్‌లో బ్లాకుల గేములున్నాయి కదా, అవి చాలవా అని. అండీ, ఫోన్‌లో చెక్కకి బరువుండదు. వేలికి గరుకు తగలదు. పడినప్పుడు చప్పుడు కూడా ఎవరో పెట్టిన చప్పుడే. చిన్నపిల్లలకి అది చాలదు.

ఇంకో అమ్మ అడుగుతున్నారు, మా ఇంట్లో ఆడపిల్ల, తను ఇవి ఆడుతుందా అని. అమ్మా, బ్యారేజీ కట్టినవాళ్లెవరు? ఇచ్చి చూడండి. బొమ్మకి ఇల్లు కట్టాలన్నా చెక్కలే కావాలి.

ఎండ ఎక్కుతోంది, నేను ఇక్కడితో ఆపుతాను. భోజనాలకి ఇంకా అరగంట ఉంది. ఎవరూ కుర్చీల్లో కూర్చోవద్దు, అందరూ చాప మీదకి రండి. ఒక్కొక్కరు మీ పిల్లల పక్కన కూర్చుని, వాళ్లు అడిగితే తప్ప చెక్క ముట్టుకోకుండా పది నిమిషాలు చూడండి. అదిగో ఆ నీలం చొక్కా బాబు సన్నటి చెక్క మీద వెడల్పుది పెడుతున్నాడు. వాళ్ల నాన్నగారు ఎవరండీ? చెయ్యి వెనక్కి తీసుకోండి.